నవల చదవకుండా ‘లే మిజరాబ్ల్’ నాటకానికి వెళ్ళొచ్చా?

రాజమండ్రి నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: “వచ్చే నెల లండన్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. ‘లే మిజరాబ్ల్’ నాటకానికి మా ఇద్దరికీ టికెట్లు తీశాడు. ఒక్కోటి ఎనభై పౌన్లట! విక్టర్ హ్యూగో నవల తెప్పించుకున్నాను. ఇటుకలా ఉంది, నలభై పేజీలు దాటలేకపోయాను. అది చదవకపోతే నాటకం అర్థం కాదా? మా ఆవిడకి ఇంగ్లీషు అంతంతమాత్రం. తీసుకెళ్తే డబ్బు దండగేమో అని ఆవిడే అంటోంది. మా మామగారేమో ‘అది మన పాత సినిమా బీదలపాట్లే కదా’ అంటున్నారు. ఆ సినిమా చూసేస్తే సరిపోతుందా?”

ముందు సమాధానం చెప్పేస్తాను. నవల పక్కన పెట్టేయండి. కథ మాత్రం చివరిదాకా తెలుసుకుని వెళ్ళండి. మీ శ్రీమతి గారిని తప్పకుండా తీసుకెళ్ళండి. ఇక ఎందుకో చెబుతాను, ఓపికుంటే చదవండి.

మాది తెనాలి. కుర్రతనంలో పరిషత్తు నాటకాల్లో చిన్నాచితకా వేషాలు వేశాను. 2007 నుంచి లండన్ శివార్లలో ఉంటున్నాను. ఈ నాటకం ఇప్పటికి పదకొండుసార్లు చూశాను. నా అంతట నేను వెళ్ళింది నాలుగో ఐదో సార్లు. మిగతావన్నీ ఊరి నుంచి వచ్చిన చుట్టాలకి లండన్ చూపించడంలో భాగం. ఎవరికి నచ్చింది, ఎవరు ఇంటర్వెల్‌లో వాచీ చూసుకున్నారు అన్నది పక్క సీట్లో కూర్చుని చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. నచ్చకపోవడానికి ఇంగ్లీషు రాకపోవడం కారణం కాలేదు. కథ తెలియకపోవడమే కారణమైంది.

“కథ ముందే తెలిస్తే ఇంకేం మజా?” అని మా మేనల్లుడు వాదించాడు. మనవాళ్ళు ‘పాండవోద్యోగ విజయాలు’ చూడ్డానికి తెల్లవార్లూ కూర్చునేది రాయబారం ఫలిస్తుందో లేదో తెలుసుకుందామనా? పద్యం కూడా నోటికి వచ్చినవాళ్ళే ముందు వరసలో ఉంటారు. ఈరోజు కృష్ణుడు ఎలా ఎత్తుకుంటాడు, ఎక్కడ రాగం తీస్తాడు అన్నదే వాళ్ళకి కావాలి. ఇదీ అలాంటి ఆటే. మాటలు దాదాపు ఉండవు. మన పద్యనాటకంలో పద్యానికీ పద్యానికీ మధ్య వచనమైనా ఉంటుంది. ఇందులో “ఎవరు నువ్వు?” అని అడగడం కూడా పాటలోనే. ఆర్కెస్ట్రా హోరులో, నలుగురు ఒకేసారి పాడుతుంటే, ఇంగ్లీషులో పుట్టి పెరిగినవాళ్ళకే సగం మాటలు అందవు. అప్పుడు కథ వెతుక్కుంటూ కూర్చుంటే పాట పోతుంది.

ఇది నా సొంత సిద్ధాంతం అనుకోకండి. ఈ నాటకం మొదట ఫ్రెంచిలో వచ్చింది, 1980లో పారిస్‌లో. పాటలు అలాన్ బూబ్లీల్, సంగీతం క్లోడ్ మిషెల్ షోన్‌బర్గ్. ఆ ఫ్రెంచి ఆట హీరో జైలు నుంచి విడుదలయ్యే దగ్గర మొదలవదు. అప్పటికే అతను వేరే పేరుతో పెద్దమనిషి అయిపోయాడు, ఫ్యాక్టరీ దగ్గర ఎత్తుకుంటారు. ఎందుకంటే వెనక కథ ఫ్రాన్సులో బడి పిల్లలకి కూడా తెలుసు, మనకి శకుని పాచికలు తెలిసినట్టు. అయిదేళ్ళ తర్వాత లండన్‌కి తెచ్చినప్పుడు, ఇక్కడి జనానికి అంత తెలియదని, ఇప్పుడు మీరు చూడబోయే మొదటి ఘట్టం కొత్తగా చేర్చారు. కథ చేతిలో పెట్టుకుని వచ్చే ప్రేక్షకుల కోసం పుట్టిన ఆట అన్నమాట ఇది.

సరే, మరి కథ. మా అత్తగారికి ముందురోజు రాత్రి వంటింట్లో దొండకాయలు తరుగుతూ చెప్పినంత చెబుతాను. మీరూ మీ శ్రీమతి గారికి ఇంతే చెప్పండి.

1815. ఆకలితో ఉన్న అక్క పిల్లల కోసం రొట్టె దొంగిలించిన జాన్ వాల్జాన్ పందొమ్మిదేళ్ళు శిక్ష అనుభవించి బయటికొస్తాడు. రొట్టెకి అయిదేళ్ళే, మిగతా పద్నాలుగూ పారిపోబోయినందుకు. చేతిలో పసుపుపచ్చ కాగితం, అది చూసి ఎవరూ పని ఇవ్వరు, పడుకోనివ్వరు. ఒక బిషప్ మాత్రం అన్నం పెట్టి పడుకోబెడతాడు. ఇతను రాత్రికి రాత్రి ఆయన వెండి సామాను ఎత్తుకుపోతాడు. పోలీసులు పట్టుకొస్తే బిషప్ “అవి నేనిచ్చినవే, ఈ కొవ్వొత్తి స్తంభాలు మర్చిపోయావేం?” అని రెండు వెండి స్తంభాలు కూడా చేతిలో పెడతాడు. ఆ స్తంభాలు గుర్తు పెట్టుకోండి.

1823. వాల్జాన్ పేరు మార్చుకుని ఒక ఊరికి మేయరు, ఫ్యాక్టరీ యజమాని. ఆ ఫ్యాక్టరీలో పనిపోయిన ఫాంటీన్ అనే అమ్మాయి కూతురి ఖర్చుల కోసం జుట్టు అమ్ముకుని, చివరికి ఒళ్ళే అమ్ముకుని, జబ్బు చేసి చచ్చిపోతుంది. ఆమె కూతురు కోజెట్‌ని పెంచుతానని ఇతను మాటిస్తాడు. పిల్ల థెనార్డియే దంపతుల పూటకూళ్ళ ఇంట్లో అంట్లు తోముతూ ఉంటుంది. డబ్బు కట్టి విడిపించుకుంటాడు. జావేర్ అనే పోలీసు అధికారి వెంట పడతాడు. వాడు చెడ్డవాడు కాదు. చట్టం తప్ప ఇంకేమీ తెలియనివాడు.

1832, పారిస్. కోజెట్ పెద్దదైంది. మారియస్ అనే విద్యార్థి ప్రేమిస్తాడు. అతన్ని థెనార్డియేల కూతురు ఎపొనీన్ ప్రేమిస్తుంది. విద్యార్థులు ప్రభుత్వం మీద తిరగబడి వీధిలో బారికేడ్ కడతారు. ఎపొనీన్, గావ్రోష్ అనే కుర్రాడు, విద్యార్థులు దాదాపు అందరూ చచ్చిపోతారు. అక్కడ చేతికి చిక్కిన జావేర్‌ని వాల్జాన్ చంపకుండా వదిలేస్తాడు. స్పృహ తప్పిన మారియస్‌ని భుజాన వేసుకుని మురుగు కాలవల్లోంచి మోసుకొస్తాడు. దొంగ పెట్టిన ప్రాణభిక్ష జావేర్ భరించలేక నదిలో దూకేస్తాడు. పెళ్ళవుతుంది. వాల్జాన్ ఒంటరిగా, ఆ వెండి స్తంభాల మధ్య, చివరి నిమిషంలో కూతురూ అల్లుడూ వచ్చాక కన్నుమూస్తాడు.

అంతే. ఒక చిన్న హెచ్చరిక. ఇది 1789 నాటి ఫ్రెంచి విప్లవం కాదు. మనం బళ్ళో చదివింది అది కాబట్టి అందరూ అదే అనుకుంటారు. మా బావమరిది ఇంటర్వెల్‌లో “రాజు తల ఎప్పుడు నరుకుతారు?” అని అడిగాడు. ఇది దానికి 43 ఏళ్ళ తర్వాత, 1832 జూన్‌లో రెండు రోజులు జరిగి అణగారిపోయిన తిరుగుబాటు. జనం తలుపులు మూసుకుని ఇళ్ళల్లో కూర్చున్నారు, కుర్రాళ్ళు చచ్చిపోయారు. ఆ ఓటమి తెలిసి చూస్తే రెండో భాగంలో పాటల బరువే వేరు.

ఇక ఇంగ్లీషు సంగతి. మా అత్తగారు ఇంగ్లీషులో “థాంక్యూ” దాటి మాట్లాడగా నేను వినలేదు. బిషప్ స్తంభాలు చేతిలో పెట్టినప్పుడే ఆవిడ కొంగు కళ్ళకి వెళ్ళింది. రెండో భాగంలో బారికేడ్ దగ్గర వాల్జాన్ నిద్రపోతున్న మారియస్ కోసం దేవుణ్ణి వేడుకుంటూ సన్నగా, పై స్థాయిలో పాడతాడు. ఆవిడ నా చెవిలో “గొంతు నొక్కిపెట్టి ఎంత హాయిగా ఎత్తాడయ్యా” అన్నారు. ఆ పాటలో ఒక్క మాట అర్థం కాకపోయినా అందులో ఉన్నదంతా ఆవిడకి అందింది.

దీనికి సంగీతంలో ఒక కిటుకు ఉంది. షోన్‌బర్గ్ ఒకే వరసని వేరే మనిషికి, వేరే సందర్భంలో మళ్ళీ ఇస్తాడు. మొదట్లో బిషప్ క్షమించాక వాల్జాన్ తనలో తాను కొట్టుకుంటూ పాడే వరసే, చివర్లో జావేర్ చనిపోయే ముందు పాడతాడు. ఒకడు క్షమని తీసుకోగలిగాడు, ఇంకొకడికి చేతకాలేదు. చచ్చిపోయేటప్పుడు ఫాంటీన్ పాడిన వరస, ఎపొనీన్ ఒంటరిగా వీధుల్లో తిరుగుతూ పాడేటప్పుడు వస్తుంది. బిషప్ వాల్జాన్‌కి చెప్పే నాలుగు మాటల వరస, మారియస్ చచ్చిపోయిన స్నేహితుల ఖాళీ కుర్చీల మధ్య పాడేటప్పుడు వస్తుంది. మాట రాకపోయినా చెవికి “ఇది ఎక్కడో విన్నామే” అని తెలుస్తుంది. అందుకే నేను చుట్టాలకి వారం ముందే ఆల్బమ్ ఒకటి పంపి, వంట చేసుకుంటూ రెండుసార్లు వినమంటాను. నవలకి పెట్టే టైములో పదో వంతు చాలు, లాభం పదింతలు.

ఇంకో దారి కూడా ఉంది. లండన్‌లో అప్పుడప్పుడు పక్కన తెర మీద మాటలు అక్షరాల్లో పడే ప్రత్యేక ప్రదర్శనలు ఉంటాయి. వినికిడి తక్కువ ఉన్నవాళ్ళ కోసం పెట్టినవి. వినడం కన్నా చదవడం తేలికైన మనలాంటివాళ్ళకీ పనికొస్తాయి. మీకు టికెట్లు కొనేశారు కాబట్టి మార్చడం కష్టం. ఇది చదివే మిగతావాళ్ళు కొనేముందు చూసుకోండి.

మరి నవల ముందే చదివినవాళ్ళకి లాభం లేదా అంటే, నాకు ఎదురైన కేసు ఒక్కటే, అది చేదుది. నాతో పనిచేసే ఒకాయన ఆరు నెలలు పట్టి మొత్తం చదివి వచ్చాడు. మూడు గంటలూ నా పక్కన కూర్చుని “అది ఏదీ? ఇది మార్చేశారేం?” అని గొణుగుతూనే ఉన్నాడు. ఆయన లెక్కలు తప్పు కాదు. నవలలో బిషప్ దగ్గర నుంచి బయటపడ్డాక కూడా వాల్జాన్ ఒక పసివాడి నాణెం కాలికింద తొక్కిపెట్టి లాక్కుంటాడు, ఆ తర్వాతే కుప్పకూలి ఏడుస్తాడు. నాటకంలో అది లేదు, మనిషి ఒక్క పాటలో మారిపోతాడు. నవలలో ఎపొనీన్ పళ్ళు ఊడి, గొంతు బొంగురుపోయిన పిల్ల. కోజెట్ రాసిన ఉత్తరం దాచేస్తుంది, చస్తే ఇద్దరం కలిసే చద్దామని మారియస్‌ని బారికేడ్ దగ్గరికి రప్పిస్తుంది. స్టేజీ మీద ఆ చీకటంతా కడిగేసి, చక్కటి పిల్లని చేసి, హాలు ఊగిపోయే పాట చేతికిచ్చారు. గావ్రోష్ కూడా ఆ థెనార్డియేల కొడుకే అని నవల చెబుతుంది, నాటకం చెప్పదు.

నాకు నిజంగా అభ్యంతరం ఉన్నది ఒక్కచోటే. థెనార్డియే దంపతులు. హ్యూగో రాసినవాళ్ళు పిల్లల రక్తం తాగే రకం. కథ చివర్లో వాడు అమెరికా పోయి బానిసల వ్యాపారం చేస్తాడు. స్టేజీ మీద ఇద్దరూ జోకర్లు. జనం పడీపడీ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఇంటికొచ్చాక కొంచెం సిగ్గేస్తుంది. అయితే అంత ఏడుపు మధ్య ఆ నవ్వు లేకపోతే హాలు తట్టుకోలేదన్నది కూడా నిజం. మన నాటకాల్లో హాస్యగాడు ఎందుకొస్తాడో వీళ్ళూ అందుకే వస్తారు.

మీ మామగారు చెప్పింది సగం నిజం. ‘బీదలపాట్లు’ 1950లో నాగయ్య గారు హీరోగా వచ్చింది, ఈ నవల ఆధారంగానే. తమిళంలోనూ తీశారు. అందులో జావేర్‌కి సాటి వేషం వేసిన సీతారామన్‌కి జీవితాంతం ‘జావర్’ సీతారామన్ అనే పేరే ఉండిపోయింది! మామగారితో కూర్చుని ఆ కబుర్లు చెప్పించుకోండి, సినిమా దొరికితే చూడండి. కానీ అది మన ఊరికి, మన పేర్లకి మార్చుకున్న కథ. నాటకానికి పనికొచ్చే తయారీ అనుకుంటే పారిస్ పేర్లు, పారిస్ వీధులు మళ్ళీ కొత్తగానే ఉంటాయి.

ఆలస్యంగా మాత్రం వెళ్ళకండి. ఇది నా ఒంటి మీద పడిన దెబ్బ. ఒకసారి ట్రైను ఆగిపోయి ఎనిమిది నిమిషాలు ఆలస్యమైంది. లోపలికి పంపలేదు. తర్వాత వదిలినా వెనక గోడ దగ్గర నిలబెట్టారు. అప్పటికి బిషప్ ఘట్టం అయిపోయింది. నా కూడా వచ్చిన దంపతులకి స్తంభాల సంగతి తెలియదు, అంతకుముందు కథ చెప్పే బుద్ధి నాకూ లేదు. చివర్లో హాలంతా ఏడుస్తుంటే వాళ్ళు “ఆ కొవ్వొత్తులేమిటి?” అని అడిగారు. ఇరవై నిమిషాల్లో ఎనిమిదేళ్ళు దూకేసే ఆట ఇది. మొదటి పది నిమిషాలు పోతే మిగతాది అతుక్కోదు. పికడిల్లీ సర్కస్ స్టేషన్ నుంచి నడక దూరమే అయినా, అరగంట ముందు గుమ్మంలో ఉండండి. బ్యాగులు తనిఖీ చేస్తారు, లైను ఉంటుంది.

ఆడుతున్నది షాఫ్ట్స్‌బరీ అవెన్యూలోని సోండ్‌హైమ్ థియేటర్లో. 1907లో క్వీన్స్ అనే పేరుతో కట్టిన హాలు, యుద్ధంలో బాంబు పడి 1959 దాకా మూతపడి ఉంది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి పాత హాళ్ళలో మోకాళ్ళకి చోటు తక్కువ, పై అంతస్తులకి మెట్లు ఎక్కువ, పైనుంచి చూస్తే నిటారుగా ఉండి కళ్ళు తిరుగుతాయి. మోకాళ్ళ నొప్పులుంటే మీ అబ్బాయిని సీట్లు ఎక్కడో ఇప్పుడే చూడమనండి. పక్కదారి పక్కన ఉన్న సీటైతే ఒక కాలు చాపుకోవచ్చు. మొత్తం మూడు గంటలకి పది నిమిషాలు తక్కువ, మధ్యలో ఒకే ఇంటర్వెల్. మొదటి భాగం గంటన్నరకి దగ్గరగా ఉంటుంది కాబట్టి లోపలికి వెళ్ళేముందే బాత్‌రూమ్ పని చూసుకోండి. ఇంటర్వెల్‌లో ఆడవాళ్ళ లైను పెళ్ళి బంతి కన్నా పొడుగు. లైట్లు వెలగగానే మీ శ్రీమతి గారిని ముందు పంపి, మీరు ఐస్‌క్రీమ్ సంగతి చూడండి. చిన్న డబ్బాల్లో అమ్ముతారు, చెంచా మూతలోనే ఉంటుంది. అది తెలియక నేను మొదటిసారి చెంచా కోసం గొడవ పెట్టుకున్నాను. శాలువా ఒకటి దగ్గర పెట్టుకోండి, ఏసీ ఒక్కోసారి విరగదీస్తుంది.

పాట అయ్యాక చప్పట్లు కొట్టొచ్చు, గట్టిగానే కొట్టండి. వన్స్ మోర్ మాత్రం లేదు. మా పెదనాన్నగారు అలవాటు కొద్దీ అరిచారు. ముందు వరస మొత్తం వెనక్కి తిరిగింది. ఎపొనీన్ మాత్రం మళ్ళీ పాడలేదు.

మీరు పెద్దగా పట్టించుకోనక్కర్లేని సంగతి ఒకటి చెప్పి వదిలేస్తాను. ఎవరైనా “తిరిగే స్టేజీ చూశారా?” అని అడిగితే కంగారు పడకండి. పాత ప్రదర్శనలో స్టేజీ గుండ్రంగా తిరిగేది, బారికేడ్ మొత్తం తిరిగి అవతలి వైపు చచ్చిపోయిన కుర్రాళ్ళు కనిపించేవాళ్ళు. 2019లో హాలు బాగుచేయడానికి మూసి, మళ్ళీ తెరిచినప్పుడు కొత్త రూపంలో పెట్టారు. ఇప్పుడు స్టేజీ తిరగదు. వెనక హ్యూగో స్వయంగా వేసిన బొమ్మల ఛాయలో తెరలు కదులుతాయి. మురుగు కాలవల ఘట్టం కొత్తదే బాగుంటుంది, బారికేడ్ మాత్రం పాతదే నయం. ఇదంతా మాలాంటి ముసలి ప్రేక్షకుల రుసరుస.

ఇక ఆ ఇటుక. అమ్మేయకండి. నాటకం చూసి వచ్చాక తెరవండి, అప్పుడు పేజీలు తేలిగ్గా కదులుతాయి. మీరు ఆగిపోయిన చోటు నాకు తెలుసు. మొదటంతా బిషప్ గారి ఇల్లు, ఆయన జమాఖర్చులు, దొంగ ఎంతకీ రాడు. స్టేజీ మీద ఆయన్ని అయిదు నిమిషాలు చూసి వస్తే ఆ పేజీలు పాత పరిచయస్తుడి ఇంటికి వెళ్ళినట్టు ఉంటాయి. రెండో సంపుటం మొదట్లో వాటర్లూ యుద్ధం పందొమ్మిది అధ్యాయాలు అడ్డం వస్తుంది. విసుగొస్తే నిస్సంకోచంగా తిప్పేయండి. అందులో చివరి అధ్యాయం మాత్రం వదలొద్దు. యుద్ధం ముగిసిన రాత్రి ఒకడు చీకట్లో శవాల జేబులు తడుముతూ తిరుగుతుంటాడు. వాడెవడో చూడండి.